అమ్మ మూసేసిన పుస్తకం

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఆరు పేజీలు రాశారు. ముఖ్యమైనంత వరకు నా మాటల్లో చెబుతాను.

ఆవిడకు 44 ఏళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. రెండేళ్ళ క్రితం నాన్నగారు పోయారు. కొవ్వూరు దగ్గరి పల్లెలో ఒంటరిగా ఉండలేక 71 ఏళ్ళ అమ్మగారు కూతురింటికి వచ్చేశారు. అమ్మగారు చదివింది ఐదో తరగతి. రోజూ పొద్దున్నే స్నానం చేసి విష్ణు సహస్రనామం, శుక్రవారం లలితా సహస్రనామం చదువుతారు. పెళ్ళినాడు పుట్టింటివాళ్ళిచ్చిన చిన్న పుస్తకం, అంచులు నలిగిపోయి పేజీల నిండా పసుపు మరకలు. అర్థం అడిగితే "దేవుడి పేర్లేనమ్మా, ఇంకేం అర్థం కావాలి" అంటారట.

నాన్నగారు పోయిన మూడో నెలలో ఈవిడ సంస్కృతం నేర్చుకోవడం మొదలుపెట్టారు. మొదట వారాంతాల్లో ఆన్‌లైన్ పాఠాలు, తర్వాత ఒక పండితుడి దగ్గర సాయంత్రాలు గీతాభాష్య పాఠం. బాగా వంటబట్టింది. శ్లోకం చూడగానే సమాసం విడదీయగలిగే స్థితికి వచ్చారు. ఆ ఉత్సాహంలో అమ్మ చదువుతుంటే పక్కనుంచి దిద్దడం మొదలైంది. "విష్ణు వషట్కారో కాదమ్మా, విష్ణుర్వషట్కారో." అమ్మ మొదట్లో నవ్వి సరిచేసుకునేవారు. ఒకరోజు క్లాసులో పండితుడు, తప్పుగా ఉచ్చరిస్తే మంత్రం ఎదురుతిరుగుతుందని ఇంద్రశత్రువు కథ చెప్పారు. ఆ కథ ఈవిడ ఇంటికొచ్చి అమ్మకు చెప్పారు. ఆ మర్నాటి నుంచి అమ్మ పుస్తకం తీయలేదు. దీపం పెట్టి, నోట్లో ఏదో అనుకుని లేచిపోతున్నారు.

దానికి ముందే ఇంకొకటి జరిగింది. శ్రీరామనవమికి అపార్ట్‌మెంటు పిల్లలకు అమ్మగారు లక్ష్మణరేఖ కథ చెప్పి, ఊర్మిళాదేవి నిద్ర పాట పాడుతుంటే, ఈవిడ అందరి ముందూ "అవి వాల్మీకి రామాయణంలో లేవమ్మా" అన్నారు. అమ్మ మధ్యలోనే ఆపేశారు. "నువ్వు చదువుకున్నావు గదా తల్లీ, నాకేం తెలుసు" అన్నారట. కోపంతో కాదు, మామూలుగా. ఆ మామూలుగా అనడమే తనను నిద్రపోనివ్వడం లేదని రాశారు.

ఇక ఆవిడ సొంత బాధ. ఒకప్పుడు గజేంద్రమోక్షం పద్యం వింటే కళ్ళు చెమ్మగిల్లేవి. ఇప్పుడు పూజలో కూర్చుంటే మనసు విభక్తుల మీదికి పోతోంది. రామాయణంలో ఉత్తరకాండ తరువాతి కాలంలో చేర్చిందని చాలామంది పండితులు అంటారని చదివారు. భారతంలో ఏ శ్లోకం ఎప్పటిదో అన్న చర్చలు చదివారు. ఏదీ ఇదివరకులా లేదు. అన్నయ్యేమో ధూర్జటి పద్యం అప్పజెప్పి "సాలెపురుగు ఏ వేదం చదివింది? ఆ క్లాసులు మానెయ్" అంటున్నారు. పండితుడేమో, అర్థం తెలియని పారాయణ చేసేవాడు బరువు మోసే స్తంభం లాంటివాడని, వేదపదాలకు అర్థం చెప్పే నిరుక్తంలో ఉందంటున్నారు.

ఆవిడ ముఖ్యంగా అడిగింది మూడు ప్రశ్నలు. చదువు మానెయ్యాలా? అమ్మది తెలియని భక్తేనా? నాకు పోయింది మళ్ళీ వస్తుందా?

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక సంగతి గమనించాను, దాన్ని కాసేపాగి చెబుతాను. ముందు అమ్మగారి భయం. అది ఎంత త్వరగా పోతే అంత మంచిది.

ఇంద్రశత్రువు కథ నిజంగా పాతదే. త్వష్ట ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని హోమం చేస్తూ "ఇంద్రశత్రుః" అన్న మాటను తప్పు స్వరంతో పలికాడు. 'ఇంద్రుణ్ణి చంపేవాడు' కావలసింది 'ఇంద్రుడు ఎవరిని చంపుతాడో వాడు' అయింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలో చచ్చాడు. కథ అంతా స్వరం మీద నడుస్తుంది. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అనే స్వరాలు, అంటే పలికేటప్పుడు గొంతు హెచ్చుతగ్గులు, వేదమంత్రాలకు ఉంటాయి. అందుకే వేదం పుస్తకం చూసి నేర్చుకోరు, గురువు ఎదుట కూర్చుని ఏళ్ళ తరబడి వల్లెవేస్తారు. విష్ణు సహస్రనామం భారతంలో అనుశాసన పర్వంలోది, భీష్ముడు ధర్మరాజుకు చెప్పింది. లలితా సహస్రనామం బ్రహ్మాండ పురాణంలోని లలితోపాఖ్యానంలోది. వీటికి ఆ స్వర నియమం లేదు. అక్షరం స్పష్టంగా పలకాలనడం మంచి మాటే. పలకకపోతే ఎదురుతిరుగుతుందనడం మాత్రం ఒకచోటి నియమాన్ని ఇంకోచోట పెట్టడం. మీ గురువుగారు క్లాసులో ఏ సందర్భంలో చెప్పారో నాకు తెలియదు. వేదాధ్యయనం గురించే చెప్పి ఉండవచ్చు. ఇంటికి వచ్చేసరికి అది అమ్మగారి పుస్తకం మీద పడింది.

ఇంకా పెద్ద సాక్ష్యం ఆ పసుపు మరకల పుస్తకంలోనే ఉంటుంది. విష్ణు సహస్రనామం చివరి పేజీ తీయండి. "యదక్షర పదభ్రష్టం మాత్రాహీనం తు యద్భవేత్, తత్సర్వం క్షమ్యతాం దేవ" అని ఉంటుంది. అక్షరం తప్పినా, పదం జారినా, మాత్ర తగ్గినా మన్నించు స్వామీ అని. మీ అమ్మగారు యాభై ఏళ్ళుగా రోజూ ఆ మాట చెప్పుకునే లేస్తున్నారు. తప్పులు జరుగుతాయని తెలిసే మన పెద్దలు పారాయణ చివర ఈ శ్లోకం పెట్టారు. దాని పైనే పార్వతి ప్రశ్న కూడా ఉంటుంది. "పండితులు రోజూ చదివే ఈ వేయి నామాలకు సులువైన ఉపాయం ఏదైనా ఉందా" అని ఆవిడ శివుణ్ణి అడుగుతుంది. ఆయన 'శ్రీరామ రామ రామేతి' చెబుతాడు. పండితులకూ, పండితులు కానివాళ్ళకూ ఆ పుస్తకంలోనే చోటుంది. ఈ రెండు శ్లోకాల అర్థం అమ్మగారికి చెప్పగలిగేది మీరే. మీ రెండేళ్ళ చదువు ఆ ఇంట్లో ముందుగా ఈ పనికి పనికిరావాలని నా కోరిక.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే శ్లోకం ఒకటుంది. తెలియనివాడు 'విష్ణాయ' అంటాడు, తెలిసినవాడు 'విష్ణవే' అంటాడు, ఇద్దరికీ పుణ్యం సమానమే, భావగ్రాహీ జనార్దనః. నాకు ఈ శ్లోకంలో నచ్చేది ఏమిటంటే, 'విష్ణాయ' తప్పని అది దాచదు. చతుర్థీ విభక్తిలో విష్ణవే అనే ఉండాలి. తప్పును తప్పనే చెప్పి, మనిషిని మాత్రం తక్కువ చేయలేదు.

ఇప్పుడు మీ అన్నయ్యగారి పద్యం, మీ గురువుగారి స్తంభం. ఇద్దరూ మీ మీదికి చెరొకటి విసిరారు. రెండూ గొప్పవే. కాని సగం సగమే మీ దాకా వచ్చాయి.

"ఏ వేదంబు పఠించె లూత, భుజగంబే శాస్త్రముల్ సూచె" అని ధూర్జటి అడిగాడు. సాలెపురుగుకు, పాముకు, ఏనుగుకు, తిన్నడికి ఏ చదువూ లేదు, శ్రీకాళహస్తిలో శివుడు వాళ్ళను దగ్గరికి తీసుకున్నాడు. నిజమే. కాని ఆ మాట అన్నవాడు శ్రీకృష్ణదేవరాయల అష్టదిగ్గజాల్లో ఒకడని చెప్పుకునే మహాకవి. అన్నది శార్దూల పద్యంలో. పాదానికి 19 అక్షరాలు, యతి తప్పలేదు, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం వకార ప్రాస. అంత చదువు చదివినవాడు చదువు చాలదని తెలుసుకుని, ఆ తెలుసుకున్నదాన్ని చదువు వల్ల వచ్చిన భాషలోనే చెప్పాడు. చదువు మానేసి ఉంటే ఈ పద్యం మీ అన్నయ్యగారి దాకా వచ్చేది కాదు. జ్ఞానానికి మూలం చదువులా అని అడిగి కాదన్నాడు గాని, చదువులు వద్దని ధూర్జటి అనలేదు.

ఇక నిరుక్తం. "స్థాణురయం భారహారః" అని, నిరుక్తం రాసిన యాస్కుడు ఉదహరించిన శ్లోకం. వేదం అధ్యయనం చేసి అర్థం తెలుసుకోనివాడు బరువు మోసే మోడు. ఆ సందర్భం చూడండి. మంత్రాలకు అర్థమే లేదని కౌత్సుడు అనే ఆయన వాదించాడు. ఉందని యాస్కుడి వాదన. వేదానికి అర్థం చెప్పుకునే శాస్త్రం ఎందుకు కావాలో చెప్పే చోట వచ్చిన మాట ఇది. వేదం పన్నెండేళ్ళు వల్లెవేసి, అవకాశం ఉండి కూడా అర్థం పట్టించుకోనివాడికి ఇది గట్టిగా తగలాల్సిందే. ఐదో తరగతితో బడి మానిపించి, పద్దెనిమిదో ఏటో అంతకు ముందో పెళ్ళి చేసి పంపిన ఆడపిల్లకు, తనంతట తాను పట్టుకుని యాభై ఏళ్ళు వదలని పుస్తకం విషయంలో ఈ మాట వాడకూడదు. ఆవిడకు అర్థం నేర్పినవాళ్ళెవరు? నేర్పని తప్పు ఆవిడది కాదు కదా. ఇది రాస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చి నాకు కొంచెం కోపం కూడా వచ్చింది, మన్నించండి.

మీది కొవ్వూరు ప్రాంతం కాబట్టి ఒకటి చెబుతాను. వంగదేశపు కృష్ణభక్తుడు చైతన్య మహాప్రభువు 16వ శతాబ్దం మొదట్లో దక్షిణాదికి యాత్ర వచ్చినప్పుడు గోదావరి ఒడ్డున రామానందరాయలను కలిశారు. కలిసిన చోటు కొవ్వూరేనని అక్కడివాళ్ళు చెబుతారు. ఈ రామానందరాయలు ఒరిస్సా గజపతుల తరఫున రాజమహేంద్రవరం ఏలినవాడు, శాస్త్రం తెలిసినవాడు. ఇద్దరూ రాత్రుల తరబడి కూర్చున్నారు. సాధ్యం ఏమిటి, సాధనం ఏమిటి అని చైతన్యులు అడగడం, ఆయన శ్లోకం చెప్పడం, ఇంకా లోపలికి చెప్పమని మళ్ళీ అడగడం. అదే యాత్రలో శ్రీరంగం వెళ్ళారు. అక్కడ ఒక బ్రాహ్మడు రోజూ గుళ్ళో కూర్చుని గీత తప్పులతడకగా చదువుతున్నాడు, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, చుట్టూ జనం నవ్వుతున్నారు. ఏ అర్థం తలచుకుని ఏడుస్తున్నావని చైతన్యులు అడిగారు. "నాకు అర్థం తెలియదు, గురువు చదవమన్నాడు, చదువుతున్నాను. పుస్తకం తెరిస్తే అర్జునుడి రథం మీద పగ్గాలు పట్టుకుని కృష్ణుడు కనిపిస్తాడు" అన్నాడు. గీత చదివే అధికారం నీకే ఉందని ఆయన్ను కౌగిలించుకున్నారని చైతన్యుల జీవితచరిత్ర చైతన్య చరితామృతం చెబుతుంది. ఆ కౌగిలించుకున్నాయన సన్యాసానికి ముందు నవద్వీపంలో వ్యాకరణం చెప్పిన పండితుడు. ఆ చదువులో తప్పులు ఆయనకు వినిపించకుండా ఉండవు. ముందు ప్రశ్న అడిగారు, అంతే. మీరు మీ అమ్మగారిని ఎప్పుడైనా అడిగారా, చదువుతుంటే ఏం కనిపిస్తుందమ్మా అని? అర్థం చెప్పమంటే ఆవిడ చెప్పలేరు. కనిపించేది అడిగితే చాలా చెబుతారేమో.

రామనవమి నాటి సంగతి దీనికంటే చిక్కైంది, ఎందుకంటే అక్కడ మీరన్నది తప్పు కాదు. లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదు. ఊర్మిళ నిద్రా లేదు. తర్వాతి కవులు, జానపదులు, ఆడవాళ్ళు కలుపుకున్నవి. కాని 'వాల్మీకంలో లేదు' అన్న మాటకు 'అందువల్ల అబద్ధం' అని అర్థం రాదు. మీరు ఆ రెండో మాట అనలేదు, పిల్లలకూ అమ్మకూ అదే వినిపించింది. ఆ పాటలో ఊర్మిళ ఏం చేస్తుందో ఒకసారి వినండి. మొగుడు అడవికి పోతే పద్నాలుగేళ్ళు నిద్రలో ఉంటుంది. అతను తిరిగొచ్చి మంచం దగ్గర నిలబడితే గుర్తుపట్టక, ఎవరయ్యా నువ్వు అని గదమాయిస్తుంది. మహాకావ్యం ఒక్క మాటతో దాటేసిన ఆడపిల్ల గురించి మన ఆడవాళ్ళు తరతరాలుగా తలచుకుని కట్టుకున్న పాట అది. వెల్చేరు నారాయణరావు గారి వంటి పండితులు ఈ ఆడవాళ్ళ రామాయణ పాటల మీద పెద్ద వ్యాసాలు రాశారు. మీరు వెతుక్కుంటూ వెళ్ళిన పాండిత్యం తీరా చూస్తే మీ అమ్మగారి నోటి దగ్గరికే వచ్చి కూర్చుంది. భర్త పోయిన రెండేళ్ళలో ఆవిడ పిల్లల మధ్య కూర్చుని ఎంచుకున్నది ఆ పాటే, మొగుడి కోసం పద్నాలుగేళ్ళు నిద్రపోయినదాని పాట. అది సగంలో ఆగిపోయింది.

నేను రెండోసారి చదివినప్పుడు గమనించింది ఇదే. నాన్నగారు పోయిన మూడో నెలలో మీరు క్లాసులో చేరారు. మీ ఆరు పేజీల్లో ఆయన గురించి ఉన్నది ఒక్క వాక్యం.

ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయం మీ పాఠాల్లో వచ్చిందో లేదో. నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వెళ్ళి నేర్పమంటాడు. నీకేం తెలుసో చెప్పు, ఆపైది నేను చెబుతానంటాడు సనత్కుమారుడు. నారదుడు పెద్ద జాబితా చెబుతాడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణం, వ్యాకరణం, గణితం, తర్కం, ఇంకా ఎన్నో. అంతా చెప్పి, "నేను మంత్రం తెలిసినవాణ్ణే గాని ఆత్మ తెలిసినవాణ్ణి కాను. ఆత్మ తెలిసినవాడు శోకం దాటుతాడని విన్నాను. నేను శోకంలో ఉన్నాను" అంటాడు. అంత చదువుకున్నవాడు సిగ్గుపడకుండా అన్న ఆ మాట నాకు ఉపనిషత్తులన్నిటిలోకీ దగ్గరిది. సనత్కుమారుడు ఆ చదువంతా పారెయ్యమనడు. ఇవన్నీ పేర్లు, ఈ పేరునే ఉపాసించు అని అక్కడి నుంచే మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా పైకి తీసుకెళ్తాడు.

మీకు తడి ఆరిపోయింది వ్యాకరణం వల్లేనని మీరు నమ్ముతున్నారు. నాకు అంత నమ్మకం లేదు. తండ్రి పోయిన తర్వాత రెండేళ్ళు ఏ పద్యం విన్నా కళ్ళు చెమ్మగిల్లకపోవడం చదువుకోని వాళ్ళకీ జరుగుతుంది. కొందరికి దుఃఖం ఏడుపుగా వస్తుంది, కొందరికి ఎండిపోవడంగా వస్తుంది. మీరు ఏడవడానికి బదులు విభక్తులు నేర్చుకున్నారు. అది తప్పేమీ కాదు, చేయి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి మనిషికి. అమ్మగారు కూడా అదే పని చేశారు, ఆవిడ పట్టుకున్నది ఆ పుస్తకం. భక్తికీ పాండిత్యానికీ తగాదా అని మీరు ఉత్తరం నిండా రాశారు. నాకు మాత్రం ఒకే మనిషిని పోగొట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు వంటింటి పక్క దేవుడి గూటి ముందు, ఒకరు లాప్‌టాప్ ముందు కనిపిస్తున్నారు. నేను పొరపాటు పడి ఉండవచ్చు, మిమ్మల్ని చూసినదాన్ని కాదు. మీ లోపల సరిచూసుకోండి.

సందేహాల సంగతి వేరు. ఉత్తరకాండ, పొరలు, ప్రతులు, ఇవి తెలిశాక తెలియనట్టు ఉండలేరు. ఉండాల్సిన పని కూడా లేదు. పుణెలోని భండార్కర్ సంస్థ పండితులు భారతం ప్రతులను ఊరూరి నుంచి సేకరించి, ఒక్కో శ్లోకం పక్కపక్కన పెట్టి పోల్చి చూసే పని 1919లో మొదలుపెడితే 1966కు గాని పూర్తికాలేదు. మొదలుపెట్టిన వాళ్ళలో కొందరు ముగింపు చూడలేదు. ఒక్క గ్రంథం కోసం అన్నేళ్ళు కళ్ళు పోగొట్టుకోవడాన్ని నేను శ్రద్ధ అనే అంటాను. ఇక నమ్మకం లోపల సందేహం ఉండకూడదన్న భయం మీకుంటే, మీ కళ్ళు చెమ్మగిల్లిన ఆ గజేంద్రమోక్షమే తీయండి. "కలడందురు దీనుల యెడ" అని మొదలుపెట్టి, "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటాడు గజేంద్రుడు. మొసలి నోట్లో కాలుండగా అన్న మాట. పోతన దాన్ని తీసెయ్యలేదు, మెత్తబరచలేదు. ఆ సందేహం తర్వాతే "లావొక్కింతయు లేదు" వస్తుంది.

ఆ ఘట్టంలోనే ఇంకోటి చూడండి. "ఎవ్వనిచే జనించు జగము, ఎవ్వని లోపల నుండు లీనమై, ఎవ్వనియందు డిందు" అని మన పిల్లలు బడిలో చదివే పద్యం ఉంది కదా. జగత్తు ఎవరి వల్ల పుడుతుందో, ఎవరిలో ఉంటుందో, ఎవరిలో కలిసిపోతుందో. ఇప్పుడు వేదాంతానికి ఆధారమైన బ్రహ్మసూత్రాల్లో రెండోది గుర్తు చేసుకోండి, "జన్మాద్యస్య యతః", ఈ జగత్తు పుట్టుక మొదలైనవి దేనివల్లనో అది బ్రహ్మం అని. సంస్కృత భాగవతం మొదటి శ్లోకం కూడా ఆ మాటతోనే మొదలవుతుంది. మీరు భాష్యాల్లో నెలల తరబడి కష్టపడి చదివే విషయం మీ అమ్మగారి తరానికి పద్యంగా నోటికి వచ్చు. ఆవిడకు అది సూత్రమని తెలియదు. మీకు చిన్నప్పుడు ఆ పద్యం విన్న చెవి లేకపోతే సూత్రం ఇంత త్వరగా ఎక్కేది కాదు. ఎవరిది పెద్ద తెలివి అన్న ప్రశ్నే ఇక్కడ నిలబడదు.

సరే, ఏం చేయవచ్చు?

అన్నయ్యగారు చెప్పినట్టు క్లాసులు మానెయ్యవచ్చు. ఇంట్లో తాత్కాలికంగా ప్రశాంతంగా ఉంటుంది. కాని తెలిసినవి మరుపుకు రావు, నేర్చుకునే ఆనందం మాత్రం పోతుంది. పైగా తన వల్ల కూతురు చదువు మానుకుందని అమ్మగారికి ఇంకో బరువు. నాలుగేళ్ళ తర్వాత మీ గొంతులో ఆవిడ మీద ఒక చిన్న నిష్ఠూరం వినపడటం మొదలవుతుంది. అలాంటివి నేను చూశాను. అయినా మీకు నిజంగా అలసటగా ఉంటే మూడు నెలలు విరామం తీసుకోండి. నాన్నగారి కోసం ఆ మూడు నెలలు ఉంచుకున్నానని మీకు మీరు చెప్పుకుంటే అది మానెయ్యడం అవదు.

రెండోది, చదువు చదువే, ఇల్లు ఇల్లే అని గీత గీసుకుని అమ్మ విషయంలో ఇక నోరెత్తకపోవడం. మీ ఉత్తరం చూస్తే ప్రస్తుతం మీరు చేస్తున్నది ఇదే. దీనివల్ల కొత్త గాయం తగలదు, పాతది మానదు. మీరు మాట్లాడకపోతే ఆవిడ దాన్ని క్షమాపణ అనుకోరు, నా చదువు వినడానికి కూడా పనికిరాదనుకుంటారు.

మూడోది నాకు మనసులో ఉన్నది. అమ్మ దగ్గర కూర్చుని, పొరపాటు చేశానమ్మా అని చెప్పడం. ఇంద్రశత్రువు కథ వేదమంత్రాలకు సంబంధించిందని, నువ్వు చదివేదానికి వర్తించదని, చివర్లో నువ్వు రోజూ చదివే శ్లోకమే తప్పుల్ని మన్నించమని అడుగుతోందని చెప్పడం. ఆ తర్వాత మీ చదువు మానవద్దు, ఆవిడకు పాఠం మాత్రం చెప్పవద్దు. ఆవిడ చదువుతుంటే వినండి. నవవిధ భక్తుల్లో మొదటిది శ్రవణమే కదా. ఏదైనా నామానికి అర్థం ఆవిడే అడిగితే, ఆ ఒక్కదానికి చెప్పండి. దీనికీ కష్టాలున్నాయి. ఆవిడ మొదటిసారి "వద్దులేమ్మా, ఇప్పుడు కళ్ళు కనపడట్లేదు" అని తప్పించుకోవచ్చు. నెల పట్టవచ్చు, రెండు నెలలు పట్టవచ్చు. మీకేమో పక్కన కూర్చున్నాక 'విష్ణు వషట్కారో' వినపడగానే నాలుక దురద పెడుతుంది. అప్పుడు దిద్దకుండా ఉండటం మీరు ఇంతవరకు నేర్చుకున్న పాఠాలన్నిటికంటే కష్టం. ఒకసారి నోరు జారితే పని మళ్ళీ మొదటికొస్తుంది.

గురువుగారి గురించి కూడా అడిగారు, మార్చాలా అని. తొందరపడవద్దు. ఒకసారి ఆయన్నే అడగండి, ఈ నియమం స్తోత్ర పారాయణకు వర్తిస్తుందా అని. "పరిప్రశ్నేన" అని గీత నాలుగో అధ్యాయంలోనే ఉంది. అడగమనే ఉంది. ఆయన నిదానంగా వివరిస్తే మంచి గురువు దొరికినట్టే. కసిరితే, అప్పుడు ఆలోచించుకోవచ్చు. అన్నయ్యగారితో వాదన అవసరం లేదు. ఆ ధూర్జటి పద్యం ఇంకోసారి చదవమనండి, మీరు కూర్చుని వినండి.

గీత చివర్లో కృష్ణుడు రెండు మాటలు పక్కపక్కన చెబుతాడు, మీరు ఇంకా అంతదూరం వచ్చారో లేదో. 18వ అధ్యాయం 70వ శ్లోకంలో, మన సంవాదాన్ని అధ్యయనం చేసేవాడు జ్ఞానయజ్ఞంతో నన్ను పూజించినట్టే అంటాడు. వెంటనే 71లో, శ్రద్ధతో, అసూయ లేకుండా ఊరికే విన్నవాడు కూడా ముక్తుడై పుణ్యలోకాలకు వెళతాడంటాడు. "శృణుయాదపి", విన్నా సరే అని. ఆ 'అపి'ని మీ భాష్యకారులు ఎలా విప్పుతారో చూడండి, మీకు నచ్చుతుంది. 'అనసూయః' అన్న మాట దగ్గర కూడా ఆగండి. అక్కడ నేను చాలాసార్లు ఆగాల్సి వచ్చింది.

పోతన అంతటివాడు భాగవతం తెలిసి పలకడం శివుడికైనా బ్రహ్మకైనా కష్టమే అన్నాడు. "విబుధజనుల వలన విన్నంత, కన్నంత, తెలియ వచ్చినంత తేటపరతు" అని తన లెక్క తాను చెప్పుకున్నాడు. పండితుల దగ్గర విన్నదీ ఉంది, తాను కన్నదీ ఉంది ఆ లెక్కలో. మీ ఇంట్లో విన్నది మీ దగ్గర ఉంది. కన్నది ఎంతో అమ్మగారిని అడిగితే గాని తెలియదు.

చివరగా ఒక చిన్న సంగతి. ఆ పుస్తకంలో అక్షరాలు చాలా సన్నవని, పెద్ద అక్షరాల కొత్త పుస్తకం, తాత్పర్యంతో సహా కొనిద్దామనుకుంటున్నానని రాశారు. ఇప్పుడే కొనకండి. కొత్త పుస్తకం చేతికిస్తే పాతదాంతో పాటు తన చదువూ పనికిరాదన్నారని ఆవిడ అనుకోవచ్చు. ముందు ఆ పాత పుస్తకమే తెరవనివ్వండి. కళ్ళజోడు ఎన్నాళ్ళ క్రితందో చూసి, ఈ శనివారం కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. దారిలో ఊర్మిళ పాట మిగతా సగం పాడమని అడగండి.